సున్నం మీద రెట్ట

సల్మె రేకుముక్కతో గోడ గీకుతోంది. నిన్న సాయంత్రం గీకిన చోటే ఈ ఉదయానికి మళ్ళీ సీగల్ పక్షుల రెట్ట గడ్డకట్టి కూర్చుంది. మూతికి తడిగుడ్డ కట్టుకున్నా వాసన నాలుక మీదికి దిగుతోంది. థూ! పచ్చి సున్నం మీద పడితే ఆ పాడు రెట్ట గోడను తినేస్తుంది, ఎంత తుడిచినా గోధుమరంగు మచ్చ పోదు.

నీటి మీద దిగే యుద్ధవిమానాల కోసం ఒకప్పటి జార్ చక్రవర్తి నౌకాదళం కట్టించిన షెడ్డు అది. పైన రెండు కాంక్రీటు గుమ్మటాలు, లోపల ఒక్క స్తంభం లేదు. నడినెత్తిన కాంక్రీటు మందం అరచేతి వెడల్పే. పోత పోసేటప్పుడు బిగించిన చెక్కపలకల గీతలు ఇంకా కనిపిస్తాయి. విమానాలు పోయాయి, తుప్పు సామాను కుక్కిన సోవియట్ సైన్యమూ పోయింది. పక్షులు మాత్రం పోలేదు. ఇప్పుడు దాన్ని మ్యూజియం చేస్తున్నారు.

సల్మె సగం జీవితం చేపల డబ్బాల ఫ్యాక్టరీలో తలలు కోస్తూ గడిచింది. ఆ కంపుకి మొగుడు పక్కకు కూడా రానిచ్చేవాడు కాదు. ఫ్యాక్టరీ మూతపడిన రోజున, ఇక చచ్చినా చేప ముట్టనని ఒట్టుపెట్టుకుంది. ఇక్కడ గోడలు తుడిచే పనికొస్తే మళ్ళీ అవే తలలు.

వాటిని తెచ్చేది కాపలాదారు ఆర్వెడ్. సముద్రం వైపు గుమ్మంలో చేపలపెట్టె బోర్లించుకుని కూర్చుంటాడు. ఒకప్పుడు నీళ్ళలోంచి విమానాలను పైకి లాగిన వాలు మీదికి, నీలం బకెట్టులోంచి ఒక్కొక్క తల విసురుతాడు.

"పెద్దాయనా, నీకేం పోయేకాలం? నువ్వు మేపుతావు, అవి నా నెత్తిన పోస్తాయి!"

"ఇక్కడ కడుపు నిండితే లోపలికెందుకొస్తాయే?"

"ఆహా! మరి ఆ గోడ మీదదేంటి, మీగడా?"

"ఏదో ఒకటీ అరా దారి తప్పినవి," అని నవ్వి, పొలుసులంటిన ఆ చేత్తోనే రొట్టె తుంచుకు తిన్నాడు. సల్మె మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం, మ్యూజియం పనులు చూసే లీవి వచ్చింది. గోడను చూసి ముక్కు చిట్లించింది.

"సల్మె గారూ, రేప్పొద్దున ఒక్క మచ్చ కనిపించినా వేరే మనిషిని పెట్టుకుంటాను. గోడంతా మళ్ళీ సున్నం కొట్టించడం నావల్ల కాదు."

చలికాలం ముంచుకొస్తోంది. ఈ ఒడ్డున యాభై దాటిన ఆడదానికి ఇంకో పని ఎవరిస్తారు?

"నన్నంటారేంటండీ? ఆ ముసలాయన్నడగండి. బకెట్లకొద్దీ మేపుతున్నాడు."

అనేసింది. కక్కేశాక కడుపు తేలికైనట్టయింది.

లీవి గుమ్మం దగ్గరికెళ్ళి రెండే మాటల్లో అతన్ని పనిలోంచి తీసేసింది. ఆర్వెడ్ తాళంచెవి ఇచ్చేశాడు. కోటు వేసుకుని, సల్మె ఎక్కిన పరంజా కింద ఆగాడు.

"పోతున్నానే సల్మె. ఇక నీ ముక్కుకి పండగ."

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. సల్మె తల తిప్పకుండా గోడ గీకుతూనే ఉంది. కంకర మీద అతని బూట్ల చప్పుడు బస్సు ఆగేచోటు వైపు సాగి ఆగిపోయింది.

సాయంత్రమయ్యేసరికి పక్షులు వాలు మీద గుంపుకట్టాయి. ఆర్వెడ్ లేని పెట్టె చుట్టూ తిరిగాయి, అరిచాయి. ముందు ఒకటి లోపలికొచ్చింది. దాని వెనకే గుంపంతా. తాపీవాళ్ళు పరంజా మీద వదిలేసిన ఎంగిలి రొట్టెముక్కల కోసం గుమ్మటం కింద గిరికీలు కొడుతూ, కొత్త సున్నం మీద టపటపా కార్చాయి.

"పోండే! థూ! పోండి!" సల్మె గుడ్డ విసిరింది. ఆమె అరుపే గుమ్మటానికి తగిలి ఆమె మీదికొచ్చింది. ముసలాయన నిజమే చెప్పాడు. సల్మెకు తన నోటి మీద తనకే అసహ్యమేసింది. ఆ రెట్ట చూసి కూడా ఎన్నడూ అంత ఏవగింపు కలగలేదు.

గుమ్మానికి పరుగెత్తింది. ఆర్వెడ్ మూతపెట్టి వదిలేసిన బకెట్టు తెరిచి చెయ్యి పెట్టింది. చల్లగా, జిగటగా, ఫ్యాక్టరీనాటి కంపు. పళ్ళు బిగబట్టి పిడికెడు తలలు వాలు మీదికి విసిరింది. పక్షులు ఒక్కొక్కటే బయటికి మళ్ళాయి. ఇంకో పిడికెడు. ఇంకొకటి. వెనక గోడ మీద మచ్చలు ఆరుతున్నాయి. తెల్లారితే లీవి వస్తుంది.

పెట్టె పక్కన నీలం బకెట్టు ఖాళీ అయింది. అడుగున రెండు పొలుసులు అతుక్కుని ఉన్నాయి.