కుప్పకి కుంచం

ఎద్దు మూతికి కట్టే చిక్కాన్ని తెచ్చి మనిషి మూతికి కట్టారు. అదీ పట్టపగలు, గువ్వలలంక కళ్లంలో, నూర్పిడికి వచ్చిన నూటయాభై మంది చూస్తుండగా.

అచ్చాయమ్మ చేసిన నేరం పిడికెడు వడ్లు నోట్లో వేసుకోవడం. రెండు రోజులుగా గంజి లేదు. కమతం మీద పెత్తనం చేసే చిన్నబ్బాయి అనేవాడు ఆమె దవడలు విడదీసి, నమిలిన పొట్టంతా వేళ్ళతో గీకి తీశాడు. ఆ పైన చిక్కం బిగించి, ఆమె చేతిని వరి తొక్కే ఎద్దుల బంతిలో చివరి ఎద్దు మెడతాడుకి కట్టి తోలాడు. మొదటి రెండు చుట్లు నడిచింది. మూడో చుట్టులో గడ్డి మీద కాలు జారింది. ఎద్దు గిట్ట ఎడం చేతి మీద పడితే, ఎముక విరిగిన చప్పుడు కళ్లమంతా వినిపించింది.

పందిరి కింద నులకమంచం మీద కూర్చున్న, లంక భూములన్నిటి ముఠాదారు బంగారరాజు గారు తమలపాకుకి సున్నం రాసుకుంటూ, ధాన్యం మీద నెత్తురు పడకుండా చూడమన్నారు.

ఆమె మరిది పోతురాజు ఇదంతా కుప్ప మీద నుంచి చూశాడు. లంకలో అంత ఎత్తు కుప్ప వేయగలవాడు అతనొక్కడే. ఆ కుప్ప మీద నుంచే నూర్పిడికి వరి పనలు కిందికి విసురుతున్నాడు. నెత్తిన ఎర్ర తలపాగా ఉంది. ఏటికేడు అందరికంటే పెద్ద కుప్ప వేసినవాడికి రాజుగారు స్వయంగా చుట్టే తలపాగా అది. వదిన కింద పడినప్పుడు అతని చేతిలో పన ఆగిపోయింది. కానీ దిగలేదు. ఆ మాట దాచి లాభం లేదు. భయం మనిషిని కుప్ప మీద కూడా కట్టేస్తుంది.

పొద్దు వాలాక కూలీల పేటంతా అచ్చాయమ్మ గుడిసె ముందు చేరింది. ఆమె తమ్ముడు దానం వెదురు బద్దలు పెట్టి చేతికి కట్టు కడుతున్నాడు. దానం నరసాపురం పాదిరీల దగ్గర నాలుగక్షరాలు నేర్చుకుని, పేరు మార్చుకుని వచ్చినవాడు. నూర్చే ఎద్దుకి కూడా చిక్కం వేయొద్దని మా గ్రంథంలో ఉందే అని పళ్ళు నూరాడు. కుర్రకారు రాజుగారి మేడ తగలబెడదామన్నారు. పెద్దవాడు గంగయ్య చేతులడ్డం పెట్టాడు. వెళ్ళి కాళ్ళ మీద పడదాం, తప్పు మనదే, కొలవకముందు గింజ ముట్టకూడదన్నాడు.

"ఎంతైనా రాజుగోరు ఆచారం తప్పలేదురా" అన్నాడు గంగయ్య. "మా తాతల నాటి నుంచీ మనిషికి కూలి కుప్పకి కుంచం. పోయినేటికీ అదే కొలిచేరు."

అచ్చాయమ్మ తల తిప్పింది. చిక్కం తాళ్ళు ఒరుసుకుని ఆమె బుగ్గలు చీరుకుపోయాయి.

"పోతురాజూ, మీ అన్న ఉన్నప్పుడు కుప్ప ఎంతెత్తు ఉండేదయ్యా?"

పోతురాజు చెయ్యి పైకెత్తి చూపించాడు. "నా తల దాటేది కాదు వదినా."

"ఇప్పుడో?"

పోతురాజు వెనక్కి తిరిగాడు. అందరూ కళ్లం వైపు చూశారు. మునిమాపు వెలుగులో కుప్పలు రాజుగారి మేడని మించి నిలబడి ఉన్నాయి.

దొరలు గోదావరికి ఆనకట్ట కట్టి, కోనసీమకి కాలవ తెచ్చి ఇది మూడో పంట. ఒకటి పండే చోట మూడు పండుతోంది. ఆ ఎక్కువ ఏమైంది? కొంత పెరిగిన శిస్తు కింద కుంపిణీకి పోయింది, కొంత పడవలెక్కి కోరంగి రేవుకి పోయింది, మిగిలింది రాజుగారి మేడ మీద రెండో అంతస్తయి కూర్చుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. గువ్వలలంకలో వడ్డించేవాడు ఏనాడూ పేటవాడు కాడు. అయినా రాజుగారు కుంచం తగ్గించలేదు, ఒక్క గింజ తగ్గించలేదు. కళ్లంలో చోటు చాలదురా, కుప్పలు పెద్దవి వేయండన్నారు, అంతే. పెద్ద కుప్పకి తలపాగా అన్నారు. ముందు పొలం చెక్కకో కుప్ప వేసేవాళ్ళు, ఇప్పుడు నాలుగు చెక్కల పనలు ఒక్క కుప్పకి ఎత్తారు. పేటవాళ్ళు పోటీలు పడి, ఈలలు వేసుకుంటూ, తమ కూడు తామే పైకెత్తి రాజుగారికి అప్పగించారు. అందరిలోకీ బాగా ఎత్తినవాడు పోతురాజు.

"నా చేత్తోనే మన నోళ్ళకి చిక్కం కట్టేను" అన్నాడతను. తలపాగా విప్పి నిలువునా చింపి, వదిన విరిగిన చేతిని అందులో పెట్టి మెడకి కట్టాడు.

మేడ తగలబెడితే బూడిద మిగులుతుంది, కుప్పలు విప్పుదామని అతనే చెప్పాడు.

తెల్లారేసరికి పేటలో పొయ్యి దగ్గర ఒక్క మనిషి లేదు. పోతురాజు కుప్పెక్కి పైవరస విప్పాడు. పనలు చేతి నుంచి చేతికి దిగాయి. ముసలమ్మలు కూడా వరసలో నిలబడ్డారు. పక్కన కొత్త కుప్ప లేచింది, మనిషి తలెత్తు వచ్చేసరికి ఆపేశారు. మళ్ళీ ఇంకోటి.

రాజుగారు వచ్చేసరికి ఒక్క పెద్ద కుప్ప నాలుగు కుప్పలయింది. చిన్నబ్బాయి వెనక ముప్పై మంది కర్రలు పట్టుకుని ఉన్నారు. అమలాపురం ఠాణాకి అప్పటికే గుర్రం వెళ్ళింది.

"ఎవడ్రా నా కుప్ప ముట్టుకుంది?"

"నేనేనండీ" అన్నాడు పోతురాజు. "ఆచారం తమదేనండీ, కుప్పకి కుంచం. మేం కాదంటంలేదండి. కుప్పలే పాత కొలతకి వేసుకుంటున్నామండి."

"నేల నాది. నీళ్ళు దొరలవి. మీరేం తెచ్చేర్రా?"

అచ్చాయమ్మ వరసలోంచి ఇవతలికి వచ్చింది. "కాలవ గట్టు కింద నా మొగుడున్నాడండీ, బాబుగోరూ. తవ్వకంలో గట్టు విరిగి పడితే తీయనివ్వలేదు. ఆ నీళ్ళు ఆయన మీంచే వస్తన్నాయండి."

రాజుగారు చెయ్యి ఊపారు. కర్రలు లేచాయి. మొదటి దెబ్బ గంగయ్య నెత్తిన పడింది. నిన్న కాళ్ళ మీద పడదామన్న ముసలాడు నెత్తురు కారుతున్నా చేతిలో పన వదల్లేదు. అది చూశాక పేటకి ఇంక భయమేముంది? కావిడిబద్దలు, పంగలకర్రలు, కొడవళ్ళు, ఏది దొరికితే అది అందుకున్నారు. కర్రలవాళ్ళలో ఒకడి మోచేయి తెగి వేలాడింది. ఇంకొకణ్ణి బురదలో తొక్కేశారు. ఆడవాళ్ళు చిన్నబ్బాయిని గడ్డిలోకి ఈడ్చి, నిన్నటి చిక్కమే తెచ్చి వాడి మూతికి బిగించారు. వాడు గింజుకుంటే ఒకామె గుండెల మీద కూర్చుంది. మిగిలినవాళ్ళు కర్రలు పారేసి పారిపోయారు.

మధ్యాహ్నానికి ఠాణా బంట్రోతులు తుపాకులతో దిగారు. అప్పటికి తొమ్మిది కుప్పలయ్యాయి. పదో కుప్ప మీద దానం ఉన్నాడు. దిగమని ఒకసారి అరిచారు, రెండోసారి కాల్చారు. దానం పన చేతిలో పట్టుకునే కుప్ప మీద బోర్లా పడ్డాడు. నెత్తురు వడ్ల కంకుల మీదుగా కిందికి కారింది. ధాన్యం మీద పడకుండా చూడమని ఈసారి ఎవరూ అనలేదు.

అచ్చాయమ్మ ఏడవలేదు. ఎర్రగుడ్డలో వేలాడే చేత్తోనే, పోతురాజు భుజం మీద కాలు వేసి కుప్పెక్కింది. తమ్ముడి కళ్ళు మూసి, కుడిచెయ్యి కిందికి చాచింది.

"పన ఇయ్యండి" అంది.

ఇచ్చారు. తుపాకులు మళ్ళీ గురిపెట్టారు గాని, ఆ వరసలో ఎవర్ని కాల్చాలో బంట్రోతులకి తెలియలేదు. అందరూ పనలందిస్తూనే ఉన్నారు.

సాయంత్రానికి పద్నాలుగు కుప్పలు లేచాక పన్నెండు మందిని కట్టేశారు. దానాన్ని చంపింది పోతురాజేనని రాజుగారు చెప్పారు, బంట్రోతులు ఔనన్నారు. మర్నాడు రాజమహేంద్రవరం కచేరీకని పడవెక్కించారు. పోతురాజు రెండు చేతులూ గొలుసులో ఉన్నాయి. ఉరి తప్పదని అతనికి తెలుసు. అన్న గట్టు కింద పోయాడు, బావ వరసైన దానం కుప్ప మీద పోయాడు. ఆ కుంచం ఈ ఏడైనా పేటకి అందుతుందా అన్నదొక్కటే అతన్ని తొలుస్తోంది.

పడవ ఆలమూరు వైపు ఒడ్డు పట్టుకుని సాగుతోంది. ఒక కళ్లం దగ్గర బోలెడు జనం కనిపించారు. అక్కడ మేడంత కుప్ప ఉంది, దానికి పైసగం లేదు. పైన ఇద్దరు నిలబడి ఉన్నారు. పనలు చేతి నుంచి చేతికి దిగుతున్నాయి. పక్కనే తలెత్తు కుప్పలు మూడు లేచాయి.

తుపాకి పట్టుకున్న బంట్రోతు కళ్ళు చికిలించి చూశాడు. అక్కడేం చేస్తున్నార్రా అని అడిగాడు.

పోతురాజు గొలుసుతోనే లేచి నిలబడ్డాడు.

"ఆయ్, కుప్ప వేస్తన్నారండీ" అన్నాడు.