బెల్లు రెండుసార్లు మోగితే

సైకిలు నడుస్తున్నంతసేపూ హార్మ్‌కి భయం లేదు. భయమంతా ఆగడంలో ఉంది.

రెండేళ్ళ కిందట డాక్టరు అతని జబ్బు పేరు పార్కిన్సన్ అని చెప్పింది. అప్పటికి అతను ఇళ్ళ కప్పులకి పెంకులు వేసే పనిలో ఉన్నాడు. ఆ తరువాత మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. ఇంట్లో నడుస్తూ నడుస్తూ వంటగది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకి అతుక్కుపోయేవి. ఒళ్ళు ముందుకి పోతానంటుంది, కాళ్ళు మాట వినవు. అప్పుడు భార్య రెన్‌స్కె వచ్చి అతని పాదం ముందు తన పాదం అడ్డంగా పెట్టేది. దాటడానికి ఏదో ఒకటి కనబడితే కాలు లేచేది.

అదే మనిషిని సైకిలెక్కిస్తే జబ్బు సంగతి ఎవరికీ తెలియదు. ఎదురుగాలిలో కూడా కాలవ గట్టు మీద కుర్రవాళ్ళని దాటుకుని పోయేవాడు. ఇలాంటివాళ్ళని చాలామందిని చూశానని డాక్టరు అంది. "తొక్కండి, మానొద్దు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం పక్కన ఒక మనిషి ఉండాలి." హార్మ్ ఇంటికొచ్చి మొదటి మాట రెన్‌స్కెకి చెప్పాడు. రెండో మాట చెప్పలేదు.

ఆల్డర్‌సైల్ చిన్న ఊరు. అక్కడ సైకిలు ఇష్టమా అని ఎవరూ ఎవరినీ అడగరు. కాళ్ళు ఇష్టమా అని అడిగినట్టుంటుంది. కూతురు ఇమ్కె కడుపులో ఉన్నప్పుడు, నొప్పులు మొదలైన రోజు పొద్దున కూడా రెన్‌స్కె సైకిలు మీదే మంత్రసాని దగ్గరికి వెళ్ళొచ్చింది. ఇప్పుడు ఇమ్కెకి ఆరేళ్ళు. రెన్‌స్కె జున్ను ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకి తెల్లవారకముందే వెళ్ళిపోతుంది కాబట్టి పిల్లని బడికి తీసుకెళ్ళే పని హార్మ్‌ది. పెంకుల పని పోయింది. పిల్లని ఎత్తుకోవడం పోయింది. గుండీలు పెట్టడం కూడా ఇమ్కె తనే నేర్చుకుంది. పొద్దున్నే కూతురిని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని కాలవ గట్టున తొక్కుకుంటూ పోవడం ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే పిల్లకి తను తండ్రి అనడానికి గుర్తేమిటని అతనికి అనిపించేది.

ఎక్కడానికి ఇంటి షెడ్డు పక్కన పిట్టగోడ ఉంది. దాని మీద కాలు ఆనించి తోసుకుంటే సైకిలు కదిలేది. దారిలో ఎక్కడ పట్టుకోవడానికి ఏముందో హార్మ్‌కి తెలుసు. మలుపు దగ్గర దీపస్తంభం, రొట్టెల దుకాణం కిటికీ గట్టు, వంతెన అవతల ఇనుప కమ్మీ. చేత్తో పట్టుకుంటే ఆగొచ్చు, సీటు దిగనక్కరలేదు. బడి గేటు దగ్గర మాత్రం పట్టుకోవడానికి ఏమీ లేదు. అక్కడ తల్లులూ తండ్రులూ సైకిళ్ళూ గుంపుగా ఉంటారు.

అందుకని ఇమ్కెకి దూకడం నేర్పాడు.

ఆ ఊళ్ళో నడుస్తున్న సైకిలు క్యారియర్ మీదకి ఎగిరి కూర్చోవడం, నడుస్తుండగానే దిగడం పెద్దపిల్లలు అందరూ చేసేదే. ఆరేళ్ళ పిల్లకి నేర్పినవాళ్ళు మాత్రం లేరు. హార్మ్ వారం రోజులు ఇంటి వెనక సందులో నేర్పాడు. మెల్లగా తొక్కుతూ బెల్లు రెండుసార్లు కొట్టేవాడు. అది గుర్తు. వినగానే కుడివైపు దూకాలి, ఆలోచించకూడదు. కుడివైపే ఎందుకంటే బడి దగ్గర కాలిబాట కుడివైపు ఉంది.

"అమ్మకి చెప్పొద్దు. ఇది మనిద్దరి ఆట," అన్నాడు.

"నాన్నా, నేను పిచ్చుకని కదా?"

"అవునే. పిచ్చుకవే."

ఇక మిగిలింది వంతెన. పడవ వస్తే కాపలాదారు లుబ్బర్ట్ ఎర్రదీపం వెలిగించి, గంట కొట్టి వంతెన పైకెత్తుతాడు. సైకిళ్ళవాళ్ళంతా ఒక కాలు నేల మీద పెట్టి నిలబడతారు. హార్మ్ గట్టు మీద నుంచే పడవని చూసుకుని, అది దాటిపోయేదాకా నెమ్మదిగా తొక్కేవాడు. లెక్క తప్పిన రోజు వంతెన ముందున్న ఖాళీ జాగాలో గుండ్రంగా తిరిగేవాడు.

డిసెంబరులో అలా తిరుగుతుండగా లుబ్బర్ట్ గది కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏమయ్యా హార్మ్, గూడు దొరకని పావురంలా ఆ చక్కర్లేంటి? కాలు పెడితే నేల కరుస్తుందా?"

"బూట్లు అరిగిపోతాయని," అన్నాడు హార్మ్. నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఇమ్కె కూడా నవ్వింది.

తరువాతి చుట్టులో కిటికీ ముందుకి వచ్చేసరికి లుబ్బర్ట్ గొంతు తగ్గించాడు.

"వేళాకోళం కాదుగానీ, నీకు ఆగడం చేతకావట్లేదు కదూ?"

హార్మ్ తొక్కుతూ ముందుకి పోయాడు. మళ్ళీ కిటికీ ముందుకి వచ్చాక, "గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు.

"గాలా? నా కిటికీ తెర కూడా కదలట్లేదు." ఇంకో చుట్టు. "రెన్‌స్కెకి తెలుసా?"

"తెలుసు."

"అయితే సరే. ఆవిడకి తెలిస్తే చాలు, నాకెందుకు."

వంతెన దిగింది. హార్మ్ అందరికంటే ముందు దాటాడు.

జనవరిలో కాలవ నీళ్ళు గడ్డకట్టి పైన మంచు పలక కట్టింది. మనిషిని మోసేంత మందం కాలేదు. అక్కడక్కడ బాతులు తిరిగేచోట నీళ్ళు నల్లగా కనబడుతున్నాయి. ఒక శనివారం రెన్‌స్కె ఇమ్కెని తన సైకిలు మీద బజారుకి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పటికి పిల్ల మోకాలికి కట్టు ఉంది.

భోజనాల దగ్గర బఠాణీల సూపు వడ్డిస్తూ రెన్‌స్కె చెప్పింది. "బజారు సందులో ఒకాయన కుక్కతో అడ్డొచ్చాడు. బెల్లు కొట్టాను. కొట్టి వెనక్కి చూస్తే పిల్ల లేదు! వెనకొచ్చే వ్యానువాడు బ్రేకు వేశాడు గనక సరిపోయింది." గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఎవరు నేర్పారే నీకు దూకడం?"

ఇమ్కె తండ్రి వైపు చూసింది. తరువాత రొట్టె వైపు చూసింది. "ఎవరూ నేర్పలేదు."

"హార్మ్, నీకేమైనా తెలుసా?"

బెల్లు ఎన్నిసార్లు కొట్టావని హార్మ్ అడగలేదు. అడగనక్కరలేకపోయింది. "బడి దగ్గర పెద్దపిల్లలు దూకుతుంటారు. చూసి నేర్చుకుని ఉంటుంది," అన్నాడు.

"చూసి నేర్చుకున్నావా, కోతిపిల్లా?"

"ఊఁ."

"ఇంకొక్కసారి దూకావో, ఎదురింటివాళ్ళ కారులో పంపిస్తా బడికి. మీ నాన్న ఎంత మొత్తుకున్నా సరే. నడిరోడ్డు మీద దూకితే వ్యాను. గట్టు మీద దూకితే?" రెన్‌స్కె అక్కడితో ఆపేసింది. హార్మ్ తేలు కుట్టిన దొంగలా సూపు తాగాడు.

పడుకునేముందు ఇమ్కె అతన్ని దగ్గరికి పిలిచింది.

"నేను చెప్పలేదు కదా నాన్నా?"

"చెప్పలేదు తల్లీ."

"ఆట ఇంకా ఉందా?"

లేదు అని చెప్పాలి. చెబితే, మరి గేటు దగ్గర ఎలా ఆగుతావని అడుగుతుంది. అడిగి ఊరుకోదు, వాళ్ళమ్మని కూడా అడుగుతుంది.

"పడుకో," అన్నాడు.

ఆదివారం షెడ్డులోకి వెళ్ళి తన సైకిలు బెల్లు ఊడదీసి కోటు జేబులో వేసుకున్నాడు. బెల్లు లేకపోతే పిల్ల దూకదు. బడి దాటాక పోస్టుడబ్బా ఉంది, దాన్ని పట్టుకుని ఆగొచ్చు. అక్కణ్ణుంచి ఇమ్కె వెనక్కి నడిచి వెళ్తుంది. రెన్‌స్కెకి ఏమీ చెప్పనక్కరలేదు. ఇలా అనుకున్నాక అతనికి కాస్త నిమ్మళంగా అనిపించింది.

సోమవారం పొగమంచు పడింది. షెడ్డులో నిలబడి చూస్తే పిట్టగోడ చివర కనబడలేదు.

"ఇవాళ బడి ఉంటుందా?" అంది ఇమ్కె.

"ఎందుకుండదు? మంచుకి కరిగిపోవడానికి నువ్వేమైనా బెల్లం ముక్కవా?"

అతని తండ్రి అతనితో అన్నమాట అది. ఆ ఊళ్ళో తండ్రులంతా అనేమాటే. ఇమ్కె క్యారియర్ మీద కూర్చుంది. రొట్టెల డబ్బా సంచిలో పట్టక చేతిలో పట్టుకుంది. హార్మ్ గోడ మీద కాలు ఆనించి తోశాడు.

గట్టు మీదకి వచ్చాక ముందు చక్రం తప్ప ఏమీ కనబడలేదు. అలాంటి రోజుల్లో ఊరంతా బెల్లులు కొట్టుకుంటూనే తొక్కుతారు. హార్మ్ చక్రం చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ చేయకుండా పోతున్నాడు. కాలవ కుడిపక్కనే ఉంది. గట్టుకీ నీళ్ళకీ మధ్య మూర వెడల్పున గడ్డి. కమ్మీ లేదు.

"నాన్నా, నీ బెల్లేదీ?"

"పాడైంది."

"మరి నేనెలా దూకను?"

"బడి దగ్గర చూద్దాంలే."

వంతెన దగ్గరికొస్తున్నట్టు ఇటుకల బాట గతుకుల్ని బట్టి తెలిసింది. అంతలో ఎదురుగా పొగమంచులో ఎవరిదో సైకిలు చప్పుడైంది. వెంటనే బెల్లు. ఒకసారి. ఇంకోసారి.

వెనక బరువు పోయింది.

కుడిపక్క ఏదో కాలవ మంచు మీద పడ్డ చప్పుడు. ఆ వెంటనే మంచు చిట్లిన చప్పుడు.

పట్టుకోవడానికి ఏమీ లేదు. హార్మ్ హ్యాండిల్ ఎడమవైపు తిప్పి సైకిలుతో సహా ఇటుకల మీద పడిపోయాడు. భుజం నేలకి కొట్టుకుంది. లేవబోతే కాళ్ళు లేవలేదు. మోచేతుల మీద పాకాడు.

"ఇమ్కె! ఇమ్కె!"

"ఇక్కడున్నా నాన్నా. డబ్బా పడిపోయింది."

గడ్డి అంచున నిలబడి ఉంది. మడమలు గట్టు అంచు దాటి ఉన్నాయి. వెనక మంచు మీద రొట్టెల డబ్బా, దాని కింద నుంచి నల్లగా పాకుతున్న నీళ్ళు. ఇమ్కె డబ్బా కోసం వెనక్కి తిరగబోతోంది.

"వద్దు. తిరక్కు. నన్నే చూడు. నా దగ్గరికి రా."

వచ్చింది. అతను ఆమె కోటు పట్టుకున్నాడు.

"ఈసారి బాగా దూకానా?"

ఎదురుగా వచ్చిన సైకిలు పొగమంచులోంచి బయటపడింది. దిగినది రెన్‌స్కె. హార్మ్‌కి తలెత్తి చూడడానికి కొంతసేపు పట్టింది.

"పనికి పోతుంటే వంతెన దగ్గర లుబ్బర్ట్ ఆపాడు," అంది ఆమె. ఊపిరి అందడం లేదు. "ఇవాళ మీ ఆయనకి ఎర్రదీపం కనబడదు, ఆయనకి ఆగడం రాదు కదా, మీకు తెలుసు కదా, అన్నాడు. నాకు తెలుసట. ఫ్యాక్టరీకి వెళ్ళినా మనసు నిలవలేదు, షిఫ్టు వదిలేసి వెనక్కొచ్చాను. అడ్డంగా ఎవరో కనబడితే బెల్లు కొట్టాను." ఇమ్కె వైపు తిరిగింది. "నువ్వెందుకు దూకావే? ఎందుకు?"

"బెల్లు రెండుసార్లు మోగితే దూకాలి," అంది ఇమ్కె. "నాన్న ఆగలేడు కదా. అందుకని."

రెన్‌స్కె కాలవలోకి చూసింది. డబ్బా ఒకవైపుకి ఒరిగి, నెమ్మదిగా మునిగింది. అది పూర్తిగా పోయేదాకా ఆమె అటే చూస్తూ నిలబడింది. తరువాత పడిపోయిన సైకిలు లేపి నిలబెట్టింది. హార్మ్ చంకల కింద చేతులేసి అతన్ని కూడా లేపింది. అతను నిలబడ్డాడు. ముందుకి అడుగు పడలేదు.

"రా," అంది రెన్‌స్కె.

అతను రాలేకపోయాడు. ఆమె తన పాదం ముందుకి పెట్టలేదు. ఇమ్కె వచ్చి అతని బూటు ముందు తన బూటు అడ్డంగా పెట్టింది. దాన్ని దాటి అతను సైకిలు దగ్గరికి చేరాడు.

"నేను చెబుదామనే," అన్నాడు హార్మ్.

"ఎప్పుడు?"

రెన్‌స్కె అతని హ్యాండిల్‌కి తగిలించి ఉన్న బడిసంచి తీసి తన సైకిలుకి తగిలించుకుంది. ఇమ్కెని తన ముందు కడ్డీ మీద, రెండు చేతుల మధ్య కూర్చోబెట్టుకునే ముందు, హార్మ్ సైకిలుని ఇంటివైపు తిప్పి పట్టుకుంది.

"ఎక్కు. నడిచి పోలేవు. ఇక్కడ నిలబడనూ లేవు."

ఎక్కాడు. ఆమె వెనక నుంచి తోసింది. ఖాళీ క్యారియర్ ఇటుకల మీద గలగలలాడింది. "నాన్నా, టాటా!" అని ఇమ్కె అరవడం వినిపించింది. తరువాత అదీ వినిపించలేదు.

కాలవ ఇప్పుడు ఎడమపక్కకి వచ్చింది. కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. ఇంటి పిట్టగోడ దాకా ఆగే వీలు లేదు. పొగమంచు ఇందాకటికంటే చిక్కబడింది. ఎదురుగా ఎక్కడో ఎవరో బెల్లు కొట్టారు. హార్మ్ బొటనవేలు హ్యాండిల్ మీద ఖాళీ జాగాని తడిమింది. బెల్లు కోటు జేబులో ఉంది. జేబులో చెయ్యి పెట్టాలంటే హ్యాండిల్ వదలాలి.

మళ్ళీ కొట్టారు, ఈసారి దగ్గరగా.

"వస్తున్నా," అని హార్మ్ అరిచాడు. "నేను ఆగను. నేను వస్తున్నా."