కొండ మీంచి పడాల్సిన కారు

కారు ఆగిపోయిందని బాలాత్రిపురసుందరికి వెంటనే తెలియలేదు. పాలకని బయల్దేరింది. పాలబూత్ వీధి చివరే ఉంది గానీ, ఆవిడ రోజూ జూబ్లీహిల్స్ అంతా చుట్టి, ఫిల్మ్ నగర్ వాలు దిగి గానీ అక్కడికి చేరదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనకంటూ దొరికిన ఏకాంతం ఆ స్టీరింగు వెనకాలే ఉంది. భర్తకి కారు నడపడం రాదు. రాదని ఒప్పుకోడు, ఇష్టం లేదంటాడు.

ఆ పొద్దున వాలు మధ్యలో ఇంజనులో ఏదో ఫట్‌మంది. తర్వాత చప్పుడే లేదు. కారు మాత్రం పోతూనే ఉంది, నిద్రలో నడిచే మనిషిలాగా. బండరాళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చుకుని పక్కనించి జారిపోతున్నాయి. ఎదురుగా ఒక వ్యాను సగం రాజమహలుని మోసుకుంటూ ఎక్కుతోంది. దాని వెనకాల స్కూటరు మీద కిరీటం పెట్టుకున్న యముడు. ఆయన తల వంచి నమస్కరించాడు. తనకా, కారుకా అని సందేహిస్తూనే ఆవిడా తల వంచింది. అలా తేలుతూ తేలుతూ వచ్చి కారు ఇంటి గేటు ముందు తనంతట తనే నిలబడింది.

షేక్‌పేట నించి మెకానిక్ భిక్షం వచ్చాడు. మూత ఎత్తి, లోపల చెయ్యిపెట్టి, తెగిన నల్లటి పట్టీని పాముని పట్టినట్టు బయటికి లాగాడు.

"టైమింగ్ బెల్టమ్మా. గిది తెగితే కిందోడు ఏం జేస్తున్నడో పైనోడికి ఎర్కుండది."

"మా ఇంట్లోనూ అంతే," అందావిడ.

భర్త త్రినాథరావు సినిమాలకి మాటలు రాస్తాడు, కనక మామూలుగా మాట్లాడలేడు. "టైమింగ్ పోయాక మహానటుడైనా ఒకటే, మారుతీ అయినా ఒకటే సుందరీ. అందుకే సుబ్బరామయ్యకి మాటిచ్చేశాను."

సుబ్బరామయ్య ప్రొడక్షన్ మేనేజరు. క్లైమాక్సులో కొండ మీంచి పడేసి పేల్చడానికి ఆయనకో పాత కారు కావాలి.

"నన్నడక్కుండానే?"

"అడిగితే వద్దంటావుగా."

పోట్లాడితే ఆయన డైలాగులు పెరుగుతాయని ఆవిడకి తెలుసు. అందుకని బేరం పెట్టింది. దీపాలు పెట్టేలోగా స్టార్టయితే కారు తనది. కాకపోతే సినిమాది.

భిక్షం కారు పక్కన చతికిలబడి పని మొదలెట్టాడు. పైన ఒక పళ్ళచక్రం, కింద ఒకటి. రెంటికీ కంపెనీవాళ్ళు కొట్టిన చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలు ఇంజను ఒంటి మీదున్న వాటి వాటి గీతలకెదురుగా నిలబడ్డాకే బెల్టు ఎక్కించాలి. గుంటలు జిడ్డులో కనపడవని భిక్షం వాటి మీద పసుప్పచ్చ పెయింటు చుక్కలు పెట్టుకుంటాడు. పెట్టుకుని, కొత్త బెల్టు కోసం రాణీగంజ్ వెళ్ళాడు.

మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తోంది. ఎక్కడో స్టూడియోలో ఒకే పాట ముక్క మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు, మళ్ళీ మళ్ళీ ఆపేస్తున్నారు. సుందరి మగతగా లేచి కారు దగ్గరికి వెళ్ళింది. కొత్త వస్తువు ఇంట్లోకొస్తే గ్రైండరుకైనా బొట్టు పెట్టే చెయ్యి అది. ఈ పూట దేవుడితో లౌక్యంగా ఉండాల్సిన అవసరం కూడా ఉంది. పాత జాకెట్టు ముక్కతో పైచక్రాన్ని అద్దంలా తుడిచింది. జిడ్డుతో పాటు ఏదో పచ్చటి మరక కూడా పోయింది. తడి పసుపు ఉంగరం వేలితో అద్ది, శుభ్రమైన చోట గుండ్రంగా బొట్టు పెట్టింది. కుంకం భరిణె తెద్దామనుకుంది గానీ బద్ధకించింది.

భిక్షం తిరిగొచ్చాడు. చుక్కని గీతకెదురుగా తిప్పి నిలబెట్టాడు, బెల్టెక్కించాడు, బిగించాడు.

"తాళం తిప్పుండ్రమ్మా!"

కారు దగ్గింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ దగ్గింది.

అప్పటికే సుబ్బరామయ్య వచ్చి వరండాలో కాఫీ తాగుతున్నాడు. "వదిలెయ్యండి అమ్మగారూ. మీ బండికి మేం ఏ లోటూ రానివ్వం. మూడు కెమెరాలు, స్లో మోషన్. ఎంతమందికొస్తుందండీ అలాంటి చావు?"

"ముందు మీరు కానిచ్చి చూపించండి, తర్వాత మా కారు సంగతి ఆలోచిద్దాం," అంది సుందరి. గోడ మీద ఎండ పైపైకి పాకుతోంది.

"చుక్కకు గీత బరాబర్ కలిపిన గదా! గిట్లెందుకైతుంది?" భిక్షం తల గోక్కున్నాడు.

ఆవిడ వంగి చూసింది. చక్రం మీద ఉన్నది ఒకే ఒక్క చుక్క. గుండ్రంగా, ముద్దుగా, తన ఉంగరం వేలంత. జాకెట్టు ముక్క మీది పచ్చమరక గుర్తొచ్చింది. చెబితే భర్తకి ఈ జన్మకి సరిపడా డైలాగులు. చెప్పకపోతే కారు కొండ మీంచి కిందికి.

"భిక్షం, నీ పెయింటుకి పసుపు వాసనేంటి?" అంది, వీలైనంత మెల్లిగా.

అతను వేలితో గీకి, వాసన చూసి, ఆవిడ వంక చూశాడు. తర్వాత ఆవిడ ఉంగరం వేలి వంక చూశాడు.

"ఇంజనుకు ఎవలో పేరంటం జేసిండ్రమ్మా."

"ఎవరో!"

"ఫికర్ జెయ్యకుండ్రి. సార్‌కు నేనేం జెప్ప."

వరండాలోంచి త్రినాథరావు, "ఏంటక్కడ గుసగుసలు?" అన్నాడు.

"టైమింగండీ, మీకర్థం కాదు," అంది.

భిక్షం అసలు గుంటని గోటితో వెతికి పట్టుకున్నాడు. బెల్టు తీసి మళ్ళీ ఎక్కించాడు. పానా పెట్టి చేత్తోనే ఇంజనుని తిప్పి, రెండు గుంటలూ మళ్ళీ వాటి గీతల దగ్గరికే వచ్చి నిలబడే దాకా చూశాడు. పక్కింట్లో సంధ్యాదీపానికి అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. సుందరి కళ్ళు మూసుకుని తాళం తిప్పింది.

కారు గొంతు సవరించుకుని, పాడటం మొదలెట్టింది.

త్రినాథరావు నోట మాట రాలేదు. ఆయనకిది కొత్త. సుబ్బరామయ్య ఖాళీ గ్లాసులోకి చూస్తూ, "ఇప్పటికిప్పుడు నాకింకో కారెక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు.

"ఎక్కండి, షూటింగు దగ్గర దింపుతాను."

కొండ మీద పొగమిషన్ వదిలిన మబ్బులు నేలబారున తిరుగుతున్నాయి. లైట్ల వెలుగులో బండలు నీళ్ళలో ఉన్నట్టు కదులుతున్నాయి. ఆ మబ్బులోంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. ఒకడి చేతిలో పెట్రోలు డబ్బా. "వచ్చేసిందిరా కారు!"

సుందరి అద్దం దించింది. "కారు కాదు నాయనా, మీ మేనేజరుగారు. దింపుకోండి."

సుబ్బరామయ్య దిగాడు. కోపంగా తలుపు విసరబోయాడు.

"మెల్లిగా," అంది ఆవిడ.