ముందు మట్టి, తర్వాత పలక

బెల్లంపల్లి గనుల కాలనీలో మిషన్ వాళ్లు నడిపే చిన్నపిల్లల బడికి మగ్దలేనమ్మ టీచరు. అంతకుముందు ఆమె ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసింది. చేతులు పట్టు తప్పిన రోగులతో బుట్టలు అల్లించి, నూలు వడికించి, పనితోనే నయం చేసే విద్య అక్కడ నేర్చుకుంది.

1963 వానాకాలంలో గని కార్మికుడు హనుమంతు తన ఆరేళ్ల కూతురు తారాబాయిని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు.

"గీ పిల్ల ఒక్క తాన కూసోదు టీచరమ్మా. మాటినకుంటే నాలుగు తగిలియ్యుండ్రి."

"కొట్టుడెందుకన్నా? జర నన్ను సూడనియ్యి" అంది మగ్దలేనమ్మ.

కొన్నాళ్లు ఆమె చూస్తూనే ఉంది. పలక ఇస్తే తార కొరికేది, గిర్రున తిప్పేది, కిటికీ దగ్గరికి పరుగెత్తేది. పాట మధ్యలోనే లేచిపోయేది. ఒక మధ్యాహ్నం మాత్రం, బడి వెనక గోడ మెత్తడానికి కలిపిన తడిమట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచి, కదలకుండా పిసుకుతూ కూర్చుంది. ఆ తర్వాత లోపలికొచ్చి కాసేపు బుద్ధిగా పాఠం వింది.

మగ్దలేనమ్మకు దారి దొరికింది. మర్నాటి నుంచి ప్రార్థన కాగానే తారకు మట్టిపని. ఆపైన చిన్న చెంబుతో నీళ్లు మోసి మొక్కలకు పోయడం. ఒళ్లు అలా కుదుటపడ్డాక చింతగింజల్లో కలిపిన కందులు ఏరడం. అదయ్యాకే పలక. మధ్యలో లేస్తే తిట్టేది కాదు. బడి చుట్టూ తిరిగి రమ్మని పంపి, మళ్లీ పని చేతికిచ్చేది.

సంగతి తెలిసి హనుమంతు డ్యూటీ దిగి మసి మొహంతోనే వచ్చాడు.

"సదువు చెప్పుమని తోలిస్తే మట్టి పిసికిస్తున్నరా? రేపటి సంది తోలియ్య!"

ఆమె నొచ్చుకోలేదు. "తోలియ్యకుంటే మానె. గిప్పుడైతే జర గా పిల్ల దిక్కు సూడు."

తార గోడవార కూర్చుని, నాలుక కొస పంటి కింద పట్టి 'త' దిద్దుతోంది. గని సైరన్ మోగింది. పిల్లలంతా తలలెత్తారు. తార ఎత్తలేదు. వంకరపోయిన అక్షరాన్ని చెరిపి మళ్లీ రాసింది.

హనుమంతు గొంతు తగ్గించి, "ఇంటికాడ గూడ గిట్లనే చెయ్యాల్నా?" అని అడిగాడు.

"వాళ్లమ్మతోని రొట్టెపిండి పిసకనియ్యి. తొందరపెట్టకు. నవ్వుకుంట చేస్తేనే పనికొస్తది."

తార ఒక్కసారిగా మారిపోలేదు. ఏ పనికీ లొంగని రోజులూ ఉండేవి. అలాంటప్పుడు మగ్దలేనమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని ఆ పిల్లతో పాటే మైదానంలో పరుగెత్తేది. వేసవి సెలవులు వచ్చేనాటికి తార మొదటి వాచకం చదవసాగింది.

మరుసటేడు కాలనీవాళ్లు నిలకడలేని పిల్లలను మరికొందరిని తీసుకొచ్చారు. మగ్దలేనమ్మ ఎవరినీ కాదనలేదు, అందరికీ ఒకే పనీ పెట్టలేదు. ఒకరికి ఊయల నప్పింది, మరొకరికి తాడు పేనడం. ఎవరికేది కుదురునిస్తుందో తెలిసేదాకా ఆమె ఓపికగా పక్కన కూర్చుని చూసేది.