అమ్మినవారి చిరునామా

ఈ పట్టీని అమ్మినదెవరు?

దర్జీ అప్పటికి ఒక ప్యాంటు అంచు విప్పుతూ, దారపు ముక్కలను ఎడమ మోకాలిపై పోగు చేసుకుంటున్నాడు. అది పెళ్లికి ముందునుంచీ ఉన్న అలవాటు. విసుక్కుంటూ వాటిని దులిపే భార్య పోయాక, సాయంత్రందాకా అవి అక్కడే ఉంటున్నాయి. గుమ్మంలోకి వచ్చిన స్త్రీ, నడుము నొప్పికి కాపడం పెట్టే కరెంటు పట్టీని అతని బల్లమీద పరిచింది. మధ్యలో అరచేతంత మేర నల్లగా మాడి ఉంది.

"మా అమ్మ వీపు కాలిపోయింది. అమ్మింది మీరేనా?"

"నేనా? బొత్తాలు తప్ప ఏమీ అమ్మి ఎరగనమ్మా."

ఆమె ఫోను చూపించింది. ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మేవారి చిరునామా కొనేవారికి కనబడి తీరాలని కొత్త నిబంధన వచ్చింది. పట్టీ బొమ్మ కింద దర్జీ ఇంటి నంబరు, వీధి, మెట్ల పక్క గది అన్న ఆనవాలుతో సహా అచ్చుతప్పు లేకుండా ఉంది. తన గదిని అంత ముస్తాబుగా అతను ఎన్నడూ చూడలేదు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివాడు.

తరువాత అతను చేసినది దర్జీ తప్ప మరొకరు చేయని పొరపాటు. పట్టీని తిరగేసి కుట్టు చూశాడు. కుట్టడానికి వచ్చిన బట్టలకు పెట్టినట్టే, మూలకు గుర్తుగా ఒక గుడ్డపీలికను గుండుసూదితో గుచ్చాడు. కొక్కానికి తగిలించి, "ఎల్లుండి రండమ్మా" అన్నాడు. ఆమె నమ్మి వెళ్లిపోయింది.

కోడలు వంటగదిలోంచి వచ్చింది.

"బాగుంది మామయ్యా! అదేమన్నా జాకెట్టా, చంకలు వదులు చేసివ్వడానికి? పుచ్చుకున్నారంటే అమ్మినట్టు ఒప్పుకున్నట్టే."

"చేతులకేం తెలుసు తల్లీ? గుడ్డ కనబడితే పుచ్చుకుంటాయి."

"రేపు పోలీసులొస్తే వాళ్లనీ ఎల్లుండి రమ్మనండి."

అతను నవ్వబోయి ఆగాడు. చెడగొట్టిన గుడ్డకు గుడ్డ ఇవ్వకుండా ఆ గుమ్మంలోంచి ఎవరినీ పంపిన మనిషి కాదు. ఎల్లుండి ఆమె వస్తే అమ్మినవారి పేరు చెప్పాలి. మేనల్లుడికి ఫోను చేశాడు. ఏదో వ్యాపారానికంటూ ఈ చిరునామా అడిగి తీసుకున్నది వాడే.

"అదెప్పుడో మానేశాను మామయ్యా. చిరునామా ఒకాయనకిచ్చాను."

"నా గుమ్మం నువ్వెలా ఇస్తావురా?"

"గుమ్మం ఎక్కడికీ పోలేదుగా!"

ఆ ఒకాయన ఇంకొకరి నంబరిచ్చాడు. అది మోగుతూనే ఉంది. దర్జీకి కోపంకన్నా కుతూహలం ఎక్కువైంది. తనకు తెలియకుండా తన గదిలో కాపురముంటున్న ఆ మనిషి ఎలా ఉంటాడు? అతనికీ తల్లి ఉందా? ఆమెకూ నడుము నొప్పి ఉందా? కుట్టుకీ కుట్టుకీ నడుమ పట్టీవైపు చూస్తూ, అదే నంబరు నొక్కుతూ మధ్యాహ్నం గడిపాడు.

సాయంత్రం కోడలు టీ తెచ్చేసరికి అతని తల మిషనుమీద వాలి ఉంది. చెవి పక్కన ఫోను అవతల ఇంకా మోగుతోంది. మోకాలిపై దారాలు చెదరలేదు.

చెప్పిన రోజుకే ఆ స్త్రీ వచ్చింది.

"మామయ్య ఇక లేరండీ," అంది కోడలు, తలుపు పట్టుకుని.

ఆమె కొక్కానికున్న పట్టీవైపు చూసింది. "మరి అమ్మిందెవరు?" అంది. పట్టీని వెనక్కి తీసుకోలేదు.

నిబంధన చిరునామా చూపమంది, చూపారు. ఆ తలుపు వెనుక ఉన్నది అమ్మినవారేనా అని ఎవరూ వచ్చి తట్టి చూడలేదు. ఇది చదువుతున్న మీరే అమ్మినవారైతే, ఆమెకు మీ పేరు చెప్పి, కొక్కానికున్న పట్టీని తీసుకెళ్లండి. గుండుసూది మాత్రం దర్జీది. దాన్ని బల్లమీద పెట్టి వెళ్లండి.