పద్నాలుగో బొమ్మ

నీలవేణికి పెళ్లయి మూడు నెలలు. ఆల్బమ్‌లో నాలుగు వందల ఫొటోలున్నాయి గానీ ఒక్కదానిలోనూ తేజేష్ తేజేష్‌లా లేడు. ఫ్లాష్ పడ్డ ప్రతిసారీ దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ఉలిక్కిపడ్డాడు.

అసలు ముఖం ఆమెకు దొరికేది పొద్దున పది నిమిషాలు. ఊరికి ఆ కొసనున్న మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ ముగించుకుని అతను నాచారం ఇంటికి చేరేసరికి ఆరుంబావు. ఆరున్నరకల్లా ఆమె పాఠాలు చెప్పే స్కూలు బస్సు వీధి చివర హారన్ కొడుతుంది. సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి అతని వ్యాను వెళ్లిపోయి ఉంటుంది. ఆదివారం ఆమె ఇంట్లో ఉంటే అతను నిద్రలో ఉంటాడు. అతనికి సెలవైన బుధవారం సాయంత్రం ఒక్కటే ఇద్దరిదీ.

డిసెంబరు మొదట్లో, కాలేజీ రోజుల్లో కొనుక్కున్న పాత ఫిల్మ్ కెమెరాని చున్నీతో తుడుచుకుని ఉప్పల్‌లో చిదంబరంగారి ఫొటో కొట్టుకి వెళ్లింది.

"ఫ్లాష్ లేకుండ తియ్యాలె అంకుల్. మా ఇంట్ల ఎంత వెలుతురుంటదో గంతల్నే మనిషి కనవడాలె."

"అయితే ఈ జూమ్ లెన్సు పక్కన పడేయమ్మా, దీని కన్ను చిన్నది" అంటూ ఆయన బీరువాలోంచి బొద్దుగా ఉన్న యాభై ఎమ్మెమ్ లెన్సు తీశాడు. "దగ్గరికీ దూరానికీ నువ్వే నడవాలి. కానీ చీకట్లో కూడా కాస్త వెలుతురు ఏరుకొస్తుంది. ఇదిగో, నలుపు తెలుపు ఫిల్మ్, నాలుగు వందల స్పీడుది. స్పీడు ఎంత ఎక్కువైతే అంత తక్కువ వెలుతురు సరిపోతుంది. కెమెరాకి మాత్రం పదహారు వందలని అబద్ధం చెప్పు. కడిగేటప్పుడు మందులో ఎక్కువసేపు ఉంచి ఆ అబద్ధాన్ని నేను నిజం చేస్తాను."

ఆమెకు ఆ మాట ఎంత నచ్చిందంటే మెట్రో స్టేషన్ దాకా తనలో తనే నవ్వుకుంటూ నడిచింది.

ఫిల్మ్ ఎక్కించి, కెమెరా మీది స్పీడు డయల్ పదహారు వందల మీద పెట్టింది. గుర్తుకోసం ఫిల్మ్ డబ్బా అట్టముక్కను కెమెరా వెనక దోపింది. మనిషి లేని సాయంత్రాల్లో మనిషి వదిలినవి తీసింది: కొక్కేనికి చొక్కా, గుమ్మం దగ్గర చెప్పులు, చల్లారిన చాయ్ కప్పు. పదమూడు అయ్యాయి. బుధవారం, వంటింటి కిటికీ దగ్గర చిక్కుడుకాయలు తుంచుతూ అతను తలెత్తాడు. నవ్వు ఇంకా రాలేదు, రాబోతోంది. క్లిక్. అది పద్నాలుగు. ఇక దాని తర్వాత తీయాలనిపించక కెమెరాను అలమారలో పెట్టేసింది.

రెండు వారాలకి చూస్తే కెమెరా మీది బొమ్మల లెక్క ఇరవై రెండు దగ్గర ఉంది. డయల్ నాలుగు వందల మీద.

"బావా, కెమెరా ముట్టినవా?"

తేజేష్ సాక్సులు విప్పుతున్నాడు. కంపెనీలో అతని పని సీసా మీది చీటీనీ కాగితం మీది నంబరునీ సరిచూడటం. "ముట్టుడేంది, సక్కగ జేసిన. అట్ట మీద నాలుగు వందలు, డయల్ మీద పదహారు వందలు. మా కాడ గట్లుంటె బ్యాచ్ మొత్తం ఆపుతరు. సైన్స్ టీచరమ్మవు, జర సూస్కోవా?"

"ఏం దీసినవ్?"

"ఏమో... ఇంటికాడియే." అతని చెవులు ఎర్రబడ్డాయి. వీధి చివర హారన్ మోగింది. ఆమె కెమెరాను సంచిలో పడేసుకుని మెట్లు దిగింది.

ఆ సాయంత్రం కొట్టులో చిదంబరం అంతా విని తల గోక్కున్నాడు. "ఒకే ఫిల్మ్ మీద రెండు లెక్కలయ్యాయి. ఎక్కువసేపు కడిగితే ఆయనవి మాడిపోతాయి. తక్కువ కడిగితే నీవి లేచి రావు. చీకటి గదిలో తడిమి, కొలుచుకుని రెండు ముక్కలు చేస్తాను, దేనికది కడుగుతాను. కానీ కత్తెర ఎక్కడ పడుతుందో చూడలేను కదమ్మా. ఎటో ఒకవైపు జరిగి కోయాలి. నీ చివరిది పోవాలా, ఆయన మొదటిది పోవాలా?"

చివరిది అంటే పద్నాలుగు. ఆమె దగ్గరున్న అతని ముఖం అదొక్కటే. కానీ తను లేని ఇంట్లో అతను ఏం చూస్తాడో ఆమెకు అసలు తెలియదు. తను మెట్లు దిగేలోపే నిద్రపోతాడనే అనుకుంది ఇన్నాళ్లూ.

"నాదే పోనీ అంకుల్" అంది.

శనివారం బొమ్మలొచ్చాయి. పద్నాలుగోదాని మీద కత్తెర నిలువునా పడింది. కిటికీ మిగిలింది, సగం చిక్కుడుకాయల గిన్నె మిగిలింది, మనిషి లేడు.

అతనివి ఎనిమిది. రెండు చెయ్యి వణికి మసకబారాయి. మిగతా ఆరూ ఒకటే బొమ్మ. రెండో అంతస్తు బాల్కనీ పిట్టగోడ మీద కెమెరా ఆనించి తీశాడు. తెల్లవారని వీధి, స్తంభం లైటు, బస్సు, చేతిలో టిఫిన్ సంచితో ఎక్కుతున్న ఆమె వీపు. ఆరు పొద్దులు. ఒక్కదానిలోనూ ఆమె వెనక్కి చూడలేదు.

సోమవారం బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. వెనక్కి తిరిగి తలెత్తింది. మసక చీకట్లో తువ్వాలు భుజాన వేసుకుని అతను అక్కడే ఉన్నాడు. చేతిలో కెమెరా లేదు, చాయ్ కప్పుంది. ఉలిక్కిపడి కప్పు పిట్టగోడ మీద పెట్టి, స్కూలు పిల్లాడిలా చెయ్యెత్తాడు. ఇంత దూరం నుంచి ముఖం కనిపించలేదు.

"ఎక్కుతవా టీచరమ్మా, ఈడనే ఉంటవా?" అన్నాడు డ్రైవర్ ఆగయ్య.

"ఒక్క నిమిషం అన్నా" అంటూ ఆమె కూడా చెయ్యెత్తింది.