సబ్బు తర్వాత జెల్

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఆమెను అందరూ పెద్దక్క అంటారు. ఆమెకంటే రెండేళ్లు పెద్దవాడైన డాక్టరు కూడా అలాగే పిలుస్తాడు. ఆ మధ్యాహ్నం పెద్దక్క నర్సుల గదిలో కూలబడి, ఎదురుగా బల్ల మీదున్న మూడు జెల్ సీసాల్ని చూస్తోంది. వచ్చే ఏడాదంతా వార్డులో చేతులకి ఏ జెల్ వాడాలో సాయంత్రంలోగా తేల్చి సంతకం పెట్టాలి. పొద్దున్నుంచీ నిలబడి ఉన్న కాళ్లు పీకుతున్నాయి. పైగా ఈ పని ఒకటి ఆమె నెత్తినే పడింది.

నర్సులు వారం రోజులు వాడి చూసి మూడింటికీ పేర్లు పెట్టేశారు: గులాబీది, జిగటది, మంటది. ఓట్లన్నీ గులాబీదానికే. మంచి వాసన, చల్లదనం, చురుక్కుమనే బాధ లేదు. పెద్దక్క మనసూ అటే లాగుతోంది. ఎందుకన్నది మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

తలుపు దగ్గరగా వేసి చేతి తొడుగులు తీసింది. వేళ్ల కణుపులన్నిటి మీదా చర్మం పగిలి ఎర్రగా నోళ్లు తెరుచుకుంది. ఇంట్లో ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టడం మానేసి ఏడాది దాటింది. కూరలో ఉప్పు మొగుడే వేస్తాడు, రోజూ ఎక్కువే వేస్తాడు. చేతులు పగిలినవాళ్లు పిల్లల్ని ముట్టుకోకూడదన్నది వార్డు నియమం. మూడు నెలలకోసారి తనిఖీ డాక్టరమ్మ వచ్చి అందరి చేతులూ తిప్పి తిప్పి చూస్తుంది. పోయినసారి పెద్దక్క ఏవో లేపనాలు పులిమి గట్టెక్కింది. రేపు పొద్దున మళ్లీ తనిఖీ. ఈసారి ఏ లేపనానికీ ఇవి లొంగేలా లేవు. ఈ వార్డు పోతే తనకి ఇంకేం మిగులుతుందో ఆమెకి తెలియదు. అరచేతిలో ఇమిడే ఆ ప్రాణాల్ని వదిలి ఉండటం ఆమె వల్ల కాదు.

కళ్లజోడు పెట్టుకుని గులాబీ సీసా వెనక చీమ తలకాయలంత అక్షరాలు చదివింది. ఆల్కహాల్ నలభై అయిదు శాతం. కనీసం అరవై లేకపోతే అది జెల్ కాదు, పెళ్లికి పూసుకునే అత్తరు. జిగటదానికి డెబ్బై ఉంది గానీ, ఎంతకీ ఆరదు. ఆరేదాకా ఓపిక పట్టలేక నర్సులు ఏప్రానుకి తుడిచేసుకుంటున్నారు. ఆరకముందే తుడిస్తే రాసుకోనట్టే. ఇక మంటది. డెబ్బై శాతం, ఇరవై అంకెలు లెక్కపెట్టేసరికి పొడిగా ఆరిపోతుంది. రాసుకుంటే మాత్రం పెద్దక్కకి పచ్చిపుండు మీద కారం చల్లినట్టే.

తన చేతుల కోసం పిల్లల ప్రాణాల మీదికి తెస్తానా అని విసుక్కుని, మంటదానికే సంతకం పెట్టింది. సంగతి విన్న నర్సులు మొహాలు మాడ్చుకున్నారు.

కొత్తగా చేరిన నర్సు ఒక్కతే మొహం మాడ్చుకోలేదు. అంతకుముందు ఎనిమిదేళ్లు వేరే ఆసుపత్రిలో చేసి వచ్చిన మనిషి. నేరుగా గోడకున్న మంటదాని సీసా నొక్కి, జెల్ తీసుకుని వేళ్ల సందులన్నీ తిరిగేలా రుద్దుకోసాగింది.

"సబ్బేదమ్మా?" అంది పెద్దక్క. ముందు సబ్బు, వెంటనే జెల్: ఇది ఆమె పెట్టిన పద్ధతి. ఒకటి చేసే పని రెండూ కలిసి రెట్టింపు చేస్తాయని ఇరవై ఆరేళ్లుగా చేస్తోంది, అందరిచేతా చేయిస్తోంది.

"చేతులకి మురికి కనిపిస్తే సబ్బు పెడతాను పెద్దక్కా. లేకపోతే జెల్ ఒక్కటే. సబ్బుతో తోమిన చేతికి వెంటనే ఇది పోస్తే చర్మం ఉంటుందా?"

"ఈ మంటది నువ్వెప్పుడైనా వాడావా?"

"ఎనిమిదేళ్లూ ఇదే వాడాను." కొత్త నర్సు చేతులు చాపింది. ఒక్క పగులు లేదు. నున్నగా ఉన్నాయి.

పెద్దక్కకి తన చేతులు గుర్తు రాలేదు, చిట్టి గుర్తొచ్చింది. చిట్టి మూడేళ్లు ఈ వార్డులోనే చేసింది. పెద్దక్క గీసిన గీత దాటేది కాదు, గంటకి పదిసార్లు సబ్బు, పదిసార్లు జెల్. పోయిన తనిఖీలో దాని చేతులు రక్తమోడుతుంటే డాక్టరమ్మ రికార్డుల గదికి పంపేసింది. ఏడుస్తూ వెళ్తున్న దాన్ని పట్టుకుని, నీ చర్మమే సున్నితం, ఏం చేస్తాం అని ఓదార్చింది పెద్దక్క.

డ్యూటీ దిగి నేరుగా కింది అంతస్తుకి వెళ్లింది. చిట్టి ఫైళ్లకి దారం కడుతోంది. చేతులు పూర్తిగా మానిపోయాయి.

"నీ చర్మం సంగతి కాదే అది," అంది పెద్దక్క, కూర్చోకుండానే. "సబ్బు మీద జెల్ రాయడమే తప్పట. నేను నేర్పిందే తప్పు."

చిట్టి దారం ముడి బిగించింది. "తెలుసు పెద్దక్కా. ఇక్కడికొచ్చిన వారానికే చర్మం డాక్టరు చెప్పాడు."

"మూడు నెలలుగా తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?"

"మీకెవరు చెప్తారు?" అంది చిట్టి, కట్టిన ఫైలు పక్కన పెడుతూ, మెల్లగా. అందులో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

పెద్దక్క కుర్చీలో కూలబడింది. ఒంట్లో ఉన్న అలసటంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. చేతి తొడుగులు లాగేసి, చేతులు రెండూ ఫైళ్ల మీద పెట్టింది. చిట్టి వాటిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రేపు తనిఖీలో దాచను. చూపించేస్తాను," అంది పెద్దక్క. "పైన ఒక ఖాళీ వస్తుంది. ఇప్పుడే అర్జీ రాయి."

చిట్టి కాగితం తీసుకుంది. నాలుగు లైన్లు రాసి ఆగింది.

"వార్డు నుంచి ఎందుకు తీసేశారో కారణం రాయాలి పెద్దక్కా. ఏం రాయను?"

"పెద్దక్క తప్పు నేర్పిందని రాయి. కింద నేను సంతకం పెడతాను."